డీఎస్పీ పెట్టె ఇంకా కొనదగ్గదేనా? కావలిలో చిన్న స్టూడియో, విండోస్ పీసీ, పాడేవాళ్లతో గోల

కావలి_కీస్
మేడ మీద ఒక గది, అదే మా స్టూడియో. ఎక్కువగా క్రైస్తవ పాటలు, కార్తీకం వస్తే అయ్యప్ప పాటలు, మధ్యలో పెళ్లి పాటలు. పీసీ రైజెన్ 5, 16 జీబీ ర్యామ్, రికార్డింగ్‌కి రీపర్ సాఫ్ట్‌వేర్, రెండు ఇన్‌పుట్ల మామూలు యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్.

ఇబ్బందంతా వోకల్ తీసేటప్పుడే. ట్రాక్‌లో కాంటాక్ట్ అనే వాద్యాల సాఫ్ట్‌వేర్‌తో స్ట్రింగ్సు, తబలా, ప్యాడ్లు అన్నీ లైవ్‌గా నడుస్తుంటాయి. బఫర్ (పీసీ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క, శాంపిళ్ల లెక్కలో) 64 పెడితే చిటపటలు. 512 పెడితే వాళ్ల గొంతు వాళ్లకే లేటుగా వినపడుతుంది. నిన్న ఒకాయన "నా గొంతు ఇట్టుండదే అబ్బయ్యా" అని హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు. డైరెక్ట్ మానిటర్ (పీసీ దాకా పోకుండా మైకు నేరుగా హెడ్‌ఫోన్‌కి) నొక్కితే లేటు పోతుంది కానీ గొంతు పొడిగా ఉంటుంది. మనోళ్లకి ఎకో లేందే నోరు పెగలదు కదా.

చెన్నైలో తెలిసినాయన యూనివర్సల్ ఆడియో వాళ్ల అపోలో ట్విన్ ఎంకే2 డ్యూయో అనే ఇంటర్‌ఫేస్ సెకండ్‌హ్యాండ్‌లో 45 వేలకి ఇస్తానంటున్నాడు. రివర్బ్ (ఎకో), కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గులు సర్దేది) అన్నీ దాని డీఎస్పీ చిప్పుల (శబ్దం పని మాత్రమే చేసే చిప్పుల) మీదే నడుస్తాయి, పీసీకి బరువుండదు అంటాడు. ఇంకో ఫ్రెండేమో అదంతా పాత కాలం ముచ్చట, ఇప్పుడు సీపీయూలే చాలు అంటాడు. శనివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి పోయి తెచ్చుకుందామని ఉంది. ఏమంటారు?

ఒంగోలు_గిత్త
టైటిల్ చూసి కావలి డీఎస్పీ గారి మీద ఏదో గొడవనుకొని లోపలికొచ్చా.

మైపాడు_మిక్సర్
నేను దేవిశ్రీ పాటేమో అనుకున్నా. సరే, వచ్చాం కదా, కూర్చుందాం.

బఫర్_బాబాయ్
టికెట్ తీసుకోబాక. ముందు ఇది చెప్పు: నీ మదర్‌బోర్డులో థండర్‌బోల్ట్ (యూఎస్‌బీ కాని వేరే కనెక్షన్) ఉందా? ట్విన్ ఎంకే2 థండర్‌బోల్ట్ 2 పెట్టె. అది లేకపోతే టేబుల్ మీద లైట్లు వెలగడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కావలి_కీస్
వెనకాల సి టైప్ ఒకటుంది బాబాయ్. అది చాలదా?

బఫర్_బాబాయ్
సి టైప్ అనేది రంధ్రం ఆకారం. లోపల థండర్‌బోల్ట్ కంట్రోలర్ ఉండాలి, రైజెన్ బోర్డుల్లో అది బహు అరుదు. ఉన్నా థండర్‌బోల్ట్ 3 నుంచి 2కి మార్చే ఆపిల్ అడాప్టర్ వేరే కొనాలి. విండోస్ వాళ్ల కోసం యూనివర్సల్ ఆడియో వాళ్లు ట్విన్ యూఎస్‌బీ అని వేరే మోడల్ తీశారు, తర్వాత సోలో యూఎస్‌బీ వచ్చింది. చెన్నై ఆయన చూపిస్తున్నది ఆ రెండూ కాదు.

ఇంకోటి. ప్లగిన్ల (ఎఫెక్టు సాఫ్ట్‌వేర్ల) లైసెన్సులు అమ్మే మనిషి అకౌంటులో ఉంటాయి. అవి నీ పేరు మీదకి బదిలీ కాకపోతే నీకొచ్చేది ఒట్టి డబ్బా.

దర్గామిట్ట_డ్రమ్స్
రెండు మెసేజ్‌ల్లో 45 వేలు మిగిల్చాడు. బాబాయ్‌కి చేపల పులుసు బాకీ పడ్డావు కీసూ.

కావలి_కీస్
పులుసు ఖాయం. కానీ అసలు ప్రశ్న అట్టనే ఉండాది. ఆ మోడల్ కాకపోతే ఇంకోటి కొంటా. డీఎస్పీ అనేది కొనాల్సిన వస్తువేనా ఇప్పుడు?

నెల్లూరు_నాదం
కొనాల్సిన వస్తువే. నా దగ్గర మ్యాక్, అపోలో ఎక్స్4 ఉన్నాయి. మైకు ముందు నిలబడ్డ మనిషికి ప్రీయాంప్, కంప్రెసర్, కాస్త ప్లేట్ రివర్బ్ అన్నీ కలిపి రెండు మిల్లీసెకన్ల లోపు ఆలస్యంతో చెవిలో పడతాయి. బఫర్ 1024లో ఉన్నా ఆ లెక్క మారదు, ఎందుకంటే ఆ దారి కంప్యూటర్ దాకా పోనే పోదు. పాడేవాడికి తన గొంతు అందంగా వినిపిస్తే మూడో టేకులో రావాల్సింది మొదటి టేకులోనే వస్తుంది. దాన్ని ఏ ప్లగిన్‌తోనూ తర్వాత తేలేం. కంప్రెషన్ కూడా అప్పుడే వేసి రికార్డు చేసేస్తా, మిక్సింగ్‌కి వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.

కందుకూరు_కోడ్
అన్నా, నువ్వు చెప్పింది రికార్డింగ్ గురించి. అమ్మేవాళ్లు చెప్పేది మిక్సింగ్ గురించి. ఆ రెండూ కలిపేసి జనం డబ్బులు పోసుకుంటున్నారు.

ఈ చిప్పుల కథ ఎక్కడ మొదలైందో చూడు. 1994లో ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి టీడీఎం సిస్టమ్ వచ్చినప్పుడు మోటరోలా 56000 జాతి చిప్పులతో కార్డులు పెట్టారు, ఎందుకంటే అప్పటి కంప్యూటర్‌తో నాలుగు ఈక్యూలు (బాస్, ట్రెబుల్ సర్దేవి) వేస్తే గుడ్లు తేలేసేది. 2001లో యూనివర్సల్ ఆడియో వాళ్ల యూఏడీ 1 కార్డు వచ్చింది. తమాషా ఏందంటే దాంట్లో ఉన్నది ఆడియో కోసం పుట్టిన చిప్పే కాదు, డీవీడీలు, 3డీ గ్రాఫిక్సు కోసం చేసిన ఎంప్యాక్ట్ 2 అనే వీడియో చిప్పు. 2008లో యూఏడీ 2కి అనలాగ్ డివైసెస్ వాళ్ల షార్క్ చిప్పులకి మారారు. 2012లో అపోలో. అక్కడిదాకా అర్థముంది.

తర్వాత? 2020 నవంబర్లో ఆపిల్ ఎం1 వచ్చింది. 2020-21ల్లో ప్రో టూల్స్ వాళ్లే హైబ్రిడ్ ఇంజన్ అని పెట్టారు: మిక్సంతా సీపీయూ మీద, రికార్డు చేసే ఛానల్‌కి మాత్రం బటన్ నొక్కితే డీఎస్పీ. 2022లో యూనివర్సల్ ఆడియో వాళ్లు చిప్పు అక్కర్లేకుండా సీపీయూ మీదే నడిచే నేటివ్ ప్లగిన్లు మొదలుపెట్టారు. చిప్పులు అమ్ముకుని బతికిన రెండు కంపెనీలూ మిక్సింగ్‌కి చిప్పు అక్కర్లేదని వాళ్ల చేతలతోనే చెప్పేశాయి. ఇంకా మనం ఇక్కడ కూర్చొని వాదించుకోవడం ఎందుకు?

నెల్లూరు_నాదం
వాదన కాదయ్యా, నేనూ రికార్డింగ్ గురించే కదా చెప్పింది! చదివి మాట్లాడు.

కందుకూరు_కోడ్
"మిక్సింగ్‌కి వచ్చేసరికి సగం పని" అన్నది ఎవరో.

ఒంగోలు_గిత్త
ఏందబ్బా, ఇట్టా మొదలెట్టారు పొద్దున్నే. టిఫిన్లు అయ్యాయా?

కొత్త_కనిగిరి
నాకొక డౌటు. నాకూ కీస్ అన్న లాంటి ప్రాబ్లమే. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతమే చూపిస్తా ఉండాది. 70 శాతం ఖాళీగా పడుంటే చిటపటలు ఎందుకు?

బఫర్_బాబాయ్
మంచి ప్రశ్న. ఈ చర్చలో అందరూ దాటేస్తున్నది ఇదే.

30 శాతం అనేది సగటు. ఆడియోకి సగటుతో పనిలేదు, గడువుతో పని. 44.1 కిలోహెర్ట్జ్‌లో 64 బఫర్ అంటే ప్రతి 1.45 మిల్లీసెకన్లకీ ఒక గడువు. ఆలోపు ఆ ముక్క తయారై ఇంటర్‌ఫేస్‌కి అందాలి. విండోస్ మధ్యలో వైఫై డ్రైవర్‌కో గ్రాఫిక్స్ డ్రైవర్‌కో ఒక్క రెండు మిల్లీసెకన్లు ఇచ్చిందంటే నీ ముక్క ఆగిపోతుంది, చెవిలో చిట్ మంటుంది. పైగా ఒక ట్రాక్ మీద వరసగా పెట్టిన ప్లగిన్లు ఒకే కోర్ మీద ఒకదాని తర్వాత ఒకటి నడవాలి. ఆ ఒక్క కోర్ ఊపిరాడక చస్తుంటే మిగతా కోర్లు గోళ్లు గిల్లుకుంటుంటాయి. సగటు తీస్తే 30.

డీఎస్పీ గొప్పదనం బలం కాదు, ఇదే. ఆ చిప్పుకి వేరే పని లేదు, అప్‌డేటు రాదు, యాంటీవైరస్ లేదు. ఆర్టీసీ బస్సులో రిజర్వేషన్ సీటు అనుకో: బస్సు ఎంత కిక్కిరిసినా నీ సీటు నీదే, కానీ ఎంత బతిమాలినా ఇంకో సీటు పుట్టదు. డ్యూయో అంటే రెండు షార్క్ చిప్పులు. బరువైన టేప్ ప్లగిన్లు, ప్రీయాంప్ ప్లగిన్లు కొన్ని పెట్టేసరికి నిండిపోతుంది. తర్వాత నువ్వు అప్‌గ్రేడ్ అంటే ఇంకో పెట్టె కొనడమే.

కొత్త_కనిగిరి
ఇప్పుడు అర్థమైంది. వైఫై ఆపేసి చూస్తా.

బఫర్_బాబాయ్
లేటెన్సీమాన్ (లేటెన్సీ అంటే ఆలస్యం) అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కాసేపు నడిపితే ఏ డ్రైవర్ అడ్డం పడుతుందో పేరుతో సహా చూపిస్తుంది. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టు. ఏఎస్‌ఐఓ4ఆల్ అనే అన్నిటికీ సరిపడే డ్రైవర్ వాడుతుంటే తీసేసి ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏఎస్‌ఐఓ డ్రైవరే వెయ్యి.

హార్మోనియం_అక్క
మా ఒంగోలు సంగతి చెప్తా. పద్యనాటకాల వాళ్లు రికార్డింగ్‌కి వస్తే ఈ లేటెన్సీలూ గీటెన్సీలూ ఏమీ ఉండవు. హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టి, రెండో చెవి వదిలేస్తారు. గదిలో తన గొంతు తనకి వినపడుతుంది, శ్రుతి ఒక చెవిలో పోతుంది, రాగం తీసినంత సేపు తీస్తాడు. చెవుల నిండా ఎకో పోస్తే పాడేవాళ్లు శ్రుతి జారడం నేను చాలాసార్లు చూశాను. ఎకో లేనిదే పాడలేం అనేది అలవాటు, అవసరం కాదు.

దర్గామిట్ట_డ్రమ్స్
అక్కా, నలభై ఏళ్లు స్టేజీ మీద పాడినోళ్ల సంగతి వేరు. మా దగ్గరికొచ్చేవాళ్లు చర్చిలో ఎకో మైకులో తప్ప ఎక్కడా పాడుండరు. పొడి గొంతు వినిపిస్తే భయపడిపోతారు.

హార్మోనియం_అక్క
భయపడనీ, రెండో పాటకి సర్దుకుంటారు.

కావలి_కీస్
రెండో పాట ఎక్కడక్కా, వాళ్లు ఇచ్చేదే ఒక పాట.

బఫర్_బాబాయ్
కీసూ, నీ లెక్క చూద్దాం. 512 బఫర్ 11.6 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, 23 దాటింది. కన్వర్టర్లు, డ్రైవర్ దాచుకునే అదనపు బఫర్ కలిస్తే 30 దగ్గరికి పోవచ్చు. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది, అంటే మీవాళ్లు తమ గొంతుని పది మీటర్ల అవతలున్న స్పీకర్ నుంచి వింటున్నట్టు. గిటార్ వాయించేవాడు పది మిల్లీసెకన్ల దాకా ఓర్చుకుంటాడు. పాడేవాడు ఓర్చుకోలేడు. అతని గొంతు ఎముకల గుండా అప్పటికే అతని చెవిలో పడి ఉంటుంది, హెడ్‌ఫోన్‌లో వచ్చేది దానితో కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టేసుకుంటాయి. మూడు నాలుగు మిల్లీసెకన్లకే గొంతు డొల్లగా అనిపిస్తుంది. "నా గొంతు ఇట్టుండదే" అన్న పెద్దాయన నూటికి నూరు పాళ్లు నిజం చెప్పాడు.

ఇప్పుడు పైసా ఖర్చు లేని దారి. పొడి గొంతుకి ఆలస్యం ఉండకూడదు. కానీ రివర్బ్‌కి ఉంటే ఏం పోయింది? రివర్బ్ అనేదే ఆలస్యంగా వచ్చే శబ్దం. ప్రీడిలే అని మనమే 20 మిల్లీసెకన్లు కావాలని పెడతాం కదా. కాబట్టి:

డైరెక్ట్ మానిటర్ ఆన్‌లోనే ఉంచు. పొడి గొంతు అక్కడి నుంచి వస్తుంది. రీపర్‌లో వోకల్ ట్రాక్‌కి రికార్డు పెట్టు, మానిటరింగ్ ఆఫ్ చెయ్యి. పక్కన ఇంకో ట్రాక్, అదే మైకు ఇన్‌పుట్, రికార్డ్ మోడ్‌లో మానిటరింగ్ మాత్రమే అనేది ఎంచుకో. దాని మీద రివర్బ్ వేసి డ్రై (పొడి గొంతు) పూర్తిగా కిందికి, వెట్ (రివర్బ్ శబ్దం) పైకి. అంతే. బఫర్ 256 పెట్టినా రివర్బ్ పన్నెండు పదిహేను మిల్లీసెకన్లు వెనక వస్తుంది, అది ప్రీడిలే అనుకుంటారు. రికార్డయ్యేది మాత్రం శుభ్రంగా పొడి గొంతే.

దర్గామిట్ట_డ్రమ్స్
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. చెప్పాక ఇంతేనా అనిపిస్తుంది.

నెల్లూరు_నాదం
పనిచేస్తుంది, ఒప్పుకుంటా. కానీ కంప్రెసర్ సంగతి? గట్టిగా అరిచి, వెంటనే గుసగుసలాడే గాయకులకి చెవిలో కంప్రెషన్ లేకపోతే మైకు ముందుకీ వెనక్కీ ఊగుతారు. కంప్రెసర్‌ని రివర్బ్‌లా వెనక నుంచి తేలేవు.

బఫర్_బాబాయ్
నిజం. అక్కడే నీ పెట్టెకి విలువ. పిచ్ కరెక్షన్ (శ్రుతి సరిచేసే ప్లగిన్) వింటూ పాడతామనేవాళ్లకీ అంతే, ఆలస్యం లేకుండా కావాల్సిందే.

కందుకూరు_కోడ్
దానికీ దారుంది. ఆ లైవ్ కాంటాక్టులన్నీ నడుస్తుండగా వోకల్ ఎందుకు తీస్తున్నారు? ట్రాకంతా ఒక స్టీరియో ఫైలుగా బౌన్స్ చెయ్. కొత్త ప్రాజెక్టు తెరువు, ఆ ఫైలు ఒకటి, వోకల్ ట్రాకులు. అంతే. ఆ ప్రాజెక్టులో రైజెన్ 5కి పనే ఉండదు, 64 బఫర్ హాయిగా నడుస్తుంది, కంప్రెసర్ కూడా సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టుకో. లేదంటే ట్రాకుల్ని ఫ్రీజ్ చెయ్ (తాత్కాలికంగా ఆడియో ఫైళ్లుగా మార్చు).

మాస్టర్ (ట్రాకులన్నీ కలిసే చివరి ఛానల్) మీద లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది), లీనియర్ ఫేజ్ ఈక్యూ ఉంటే అవి కూడా తీసేయ్. వాటికి ముందుచూపు కావాలి, ఆ ఆలస్యం ప్రాజెక్టు మొత్తానికి పడుతుంది. 4096 శాంపిళ్లు తినే ఈక్యూ ఒకటి ఉంటే 93 మిల్లీసెకన్లు. బఫర్ 32 పెట్టినా ఏం లాభం? సగం మంది "నా ఇంటర్‌ఫేస్ బాలేదు" అనేది మాస్టర్ మీద లిమిటర్ పెట్టుకొని పాడించేవాళ్లే.

కావలి_కీస్
నా మాస్టర్ మీద ఉండాది. పాట మొదలెట్టినప్పటి నుంచీ ఉండాది.

ఒంగోలు_గిత్త
దొరికాడు.

ఒంగోలు_గిత్త
మీరంతా ఇంజనీర్ల లెక్కలు చెప్తున్నారు, నేను వ్యాపారం లెక్క చెప్తా. ఊర్లో స్టూడియోలు ఎన్ని, అన్నీ ఒకటే ప్లగిన్లు, ఒకటే లూపులు. కస్టమర్ గుమ్మంలోకి వచ్చి చూసేది ఏంది? టేబుల్ మీద ఏముందో చూస్తాడు. ల్యాప్‌టాప్ ఒకటి కనిపిస్తే "మా తమ్ముడి దగ్గర కూడా ఉంది ఇది" అని బేరం మొదలెడతాడు. ర్యాక్‌లో మీటర్లు పచ్చగా పైకీ కిందకీ ఆడుతుంటే నోరెత్తడు. నా ర్యాక్‌లో ఒక పాత డీఎస్పీ డబ్బా ఉంది. దాని డ్రైవర్ కొత్త విండోస్‌కి రాలేదు. అయినా కరెంటు ఇచ్చి ఉంచా. రేటు దానివల్లే నిలబడింది.

మైపాడు_మిక్సర్
అంటే డీఎస్పీ ఇప్పటికీ పనిచేస్తుందన్నమాట, డ్రైవర్ లేకుండానే.

హార్మోనియం_అక్క
గిత్తా, నీ స్టూడియోకి వచ్చినప్పుడు ఆ మీటర్లు నేను పాడకపోయినా ఆడుతున్నాయి, అప్పుడే అనుమానం వచ్చింది.

నెల్లూరు_నాదం
నవ్వుకోండి గానీ "డ్రైవర్ రాలేదు" అన్నాడు చూడండి, అసలు దెబ్బ అది. పవర్‌కోర్, లిక్విడ్ మిక్స్ అనే పాత డీఎస్పీ పెట్టెలు గుర్తున్నాయా? ఒకప్పుడు అందరి నోటా అవే. పవర్‌కోర్‌ని తయారుచేసేవాళ్లే ఆపేశారు, లిక్విడ్ మిక్స్ 64 బిట్ కాలానికి రాలేక ఆగిపోయింది. వాటి మీద మిక్స్ చేసిన పాటల ప్రాజెక్టులు ఇప్పుడు తెరిస్తే ప్లగిన్ల జాగాలో ఖాళీ గళ్లు. నా దగ్గర పెట్టె ఉంది కాబట్టి నేను కూడా ఒక పని తప్పకుండా చేస్తా: పాట అయిపోగానే ప్రతి ట్రాకునీ ఎఫెక్టులతో సహా వేవ్ ఫైలుగా ప్రింట్ చేసి హార్డ్‌డిస్కులో పెడతా. పెట్టె పోయినా పాట ఉంటుంది.

కందుకూరు_కోడ్
ఇప్పుడు నువ్వే నా తరఫున మాట్లాడుతున్నావన్నా.

నెల్లూరు_నాదం
నేను ఎవరి తరఫూ కాదు. పెట్టె ఎందుకు కొంటున్నావో తెలిసి కొనుక్కోమంటున్నా. మిక్సింగ్‌లో యూఏడీ ప్లగిన్ వేస్తే ఆలస్యం తగ్గదు, పెరుగుతుంది, ఆడియో పెట్టె దాకా పోయి తిరిగి రావాలి కదా. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు.

ఎన్నికల_పాటలు
2024 ఎన్నికలప్పుడు రాత్రికి రాత్రి పాటలు దించినవాళ్లకి ఇంకో కోణం తెలుసు. ఒకే ట్యూను, పల్లవిలో అభ్యర్థి పేరు మార్చి మండలానికొక వెర్షను. పొద్దున్నే ఆటోలు బయల్దేరాలి. అప్పుడు కావాల్సింది బౌన్స్ వేగం. సీపీయూ మీద నాలుగు నిమిషాల పాట కొన్ని సెకన్లలో దిగుతుంది. ప్రో టూల్స్‌లో 2013లో 11వ వెర్షన్ వచ్చేదాకా పాటంతా నడిచినంత సేపూ కూర్చొని బౌన్స్ చేసుకోవాల్సిందే, అది గుర్తున్నవాళ్లకి ఈ సుఖం తెలుస్తుంది. ఆటో మీద హారన్‌లో వినపడే పాటకి ఏ చిప్పు అయితే ఏంది.

దర్గామిట్ట_డ్రమ్స్
ఆ హారన్లకి మిక్సింగ్ చేసేవాళ్లు ఉన్నారని ఇప్పుడే తెలిసింది. మా వీధిలో తిరిగినవాటికి మాత్రం ఎవరూ చేసినట్టు లేదు.

ఎన్నికల_పాటలు
బాస్ మొత్తం కోసి మధ్యలో ఫ్రీక్వెన్సీలు లేపుతాం సార్. అది మిక్సింగే. మీ పార్టీ ఓడిపోయినట్టుంది, అందుకే నచ్చలేదు.

మైపాడు_మిక్సర్
మీరు స్టూడియో గదులు దాటి రావడం లేదు. స్టేజీ దగ్గరికి రండి ఒకసారి. బ్రహ్మోత్సవాల్లో ఆర్కెస్ట్రా, తిరునాళ్లలో పాటకచేరీ, గాలి, దుమ్ము, జనరేటరు. అక్కడ విండోస్ ల్యాప్‌టాప్ మీద మిక్స్ నడుపుతానంటే మేనేజరు నన్ను స్టేజీ దింపేస్తాడు. 2012లో ఎక్స్32 డిజిటల్ మిక్సర్ వచ్చాక మా పని మారిపోయింది. 32 ఛానళ్లకీ ఈక్యూ, కంప్రెసర్, గేటు, పైన ఎనిమిది ఎఫెక్టులు, మైకు నుంచి స్పీకర్‌కి ఒక మిల్లీసెకను లోపే. కరెంటు పోయి వస్తే కాసేపట్లో లేచి కూర్చుంటుంది, ఫేడర్లు ఉన్నచోటే. ఇది డీఎస్పీ కాక ఇంకేంది? "డీఎస్పీ చచ్చిపోయింది" అనేవాడు కచేరీకి వచ్చి చూడాలి.

కందుకూరు_కోడ్
స్టేజీ విషయంలో నీతో వాదించను. కానీ ఒక సంగతి చూడు. పెద్ద కచేరీల్లో వేవ్స్ కంపెనీ సౌండ్‌గ్రిడ్ సర్వర్లు (ప్లగిన్లు నడిపే పెట్టెలు) వాడతారు కదా, వాటిని డీఎస్పీ సర్వర్లు అంటారు. మూత తీస్తే లోపల ఉండేది మామూలు ఇంటెల్ ప్రాసెసరే. దాని మీద లినక్సు, ఆడియో తప్ప వేరే పనేం పెట్టరు. బాబాయ్ చెప్పిన గడువు సంగతి ఇదే: చిప్పు జాతి కాదు, దానికి వేరే పని చెప్పకపోవడం.

మైపాడు_మిక్సర్
సరే మరి, మీ విండోస్‌కి ఆడియో తప్ప వేరే పని చెప్పకుండా ఉండగలరా?

కందుకూరు_కోడ్
స్టూడియో పీసీకి నెట్ పీకేసినవాళ్లు నాకు తెలుసు.

కావలి_కీస్
మా పీసీలోనే మా తమ్ముడు గేములాడతాడు.

ఒంగోలు_గిత్త
చిటపటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలింది. కేసు క్లోజ్.

చీమకుర్తి_స్ట్రింగ్స్
గిటార్ వాళ్ల తరఫున రెండు మాటలు. మా హెలిక్సులు, కెంపర్లు (గిటార్ ఎఫెక్టుల పెట్టెలు) అన్నీ డీఎస్పీ పెట్టెలే, ఎవరూ వాటిని పాతవనడం లేదు. హెలిక్స్ శబ్దాన్నే ల్యాప్‌టాప్‌లో ఇచ్చే హెలిక్స్ నేటివ్ 2017 నుంచీ ఉంది. ఇంట్లో అది వాడతా. చర్చిలో ఆదివారం పొద్దున మాత్రం కాలితో నొక్కే పెట్టే కావాలి. ఆరాధన మధ్యలో "అప్‌డేటింగ్" అని తెర నీలంగా మారితే పాస్టర్ గారు నా కోసం ప్రత్యేక ప్రార్థన పెడతారు.

కొత్త_కనిగిరి
నెల్లూరు బాలు గారు పుట్టిన ఊరు కదా, అక్కడ స్టూడియోలకి ఈ బాధలేంది అసలు.

దర్గామిట్ట_డ్రమ్స్
పుట్టింది కోనేటమ్మపేటలో తమ్ముడూ. నెల్లూరులో ఉన్న ఇల్లు 2020లో వేదపాఠశాలకి కంచి మఠానికి ఇచ్చేశారు. ఆయన టేప్ కాలంలో ఆర్కెస్ట్రాతో కలిసి పాడినవాళ్లు, లేటెన్సీ అనే మాటే లేదప్పుడు.

బఫర్_బాబాయ్
కీసూ, ఖర్చు లేనివన్నీ చేశాక కూడా చాలకపోతే, అప్పుడు కూడా అపోలోకి పోబాక. స్టెయిన్‌బర్గ్ యూఆర్22సి ఇంటర్‌ఫేస్ చూడు. చిన్న పెట్టె, యూఎస్‌బీ, విండోస్‌తో పేచీ లేదు, లోపల డీఎస్పీ ఉంది. దాంట్లోనే వచ్చే రెవ్‌ఎక్స్ రివర్బ్, ఛానల్ స్ట్రిప్‌లో కంప్రెసర్ రెండూ హెడ్‌ఫోన్‌కి మాత్రమే పంపి, పొడి గొంతు రికార్డు చేయొచ్చు. కొనేటప్పుడు చివర ‘సి’ ఉందో లేదో చూసుకో, పాత యూఆర్22 ఎంకే2లో ఈ చిప్పు లేదు. కొత్తది కొన్నా నీ 45 వేలకంటే తక్కువే. చేయి బాగా ఆడితే డీఎస్పీ ఉన్న ఇంకో ఇంటర్‌ఫేస్ ఆర్ఎంఈ ఫైర్‌ఫేస్ యూసీఎక్స్ 2, కానీ అది వేరే బడ్జెట్.

దర్గామిట్ట_డ్రమ్స్
ఎకో ఉన్న చిన్న మిక్సర్ కొంటే ఇంకా చవక కదా? అది కూడా డీఎస్పీనే.

బఫర్_బాబాయ్
చవకే. కానీ అలాంటివాటిలో చాలావరకు యూఎస్‌బీలోకి పోయేది మెయిన్ స్టీరియో. ఎకో గొంతుకి అతుక్కుపోయి రికార్డవుతుంది, తర్వాత తీయలేవు. ఎకో మానిటర్‌కి మాత్రమే పోయే దారి ఉందో లేదో చూసి కొనాలి.

కావలి_కీస్
సాయంత్రం చేసి చూశా. మాస్టర్ మీద లిమిటర్ తీసేశా, ట్రాక్‌ని స్టీరియోగా బౌన్స్ చేశా, బాబాయ్ చెప్పినట్టు వెట్ రివర్బ్ ట్రాక్ పెట్టా. 128లో ఒక్క చిటపట లేదు. పెద్దాయన్ని మళ్లీ పిలిచి కూర్చోబెట్టా. పల్లవి అయ్యాక "ఏం కొన్నావు కొత్తగా" అని అడిగాడు.

ఒంగోలు_గిత్త
ఏం చెప్పావు?

కావలి_కీస్
జర్మన్ మిషను అని చెప్పా.

ఒంగోలు_గిత్త
మా జిల్లాలో పుట్టాల్సినోడివి.

నెల్లూరు_నాదం
ఆయన గొంతు పెద్దదా, చిన్నదా? కంప్రెసర్ లేక ఇబ్బంది పడ్డాడా?

కావలి_కీస్
చరణంలో పైకి పోయినప్పుడు మైకుకి దూరం జరిగాడన్నా. అక్కడ లెవల్ పడిపోయింది. ఫేడర్ ఆటోమేషన్‌తో లాక్కొచ్చా కానీ గది శబ్దం కూడా పైకొచ్చింది.

నెల్లూరు_నాదం
అదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. యూఆర్22సి తీసుకో, చెవిలో 3:1 కంప్రెషన్, మెల్లగా. జరగడు.

కొత్త_కనిగిరి
ఇంకొక్కటి. 96 కిలోహెర్ట్జ్‌లో పెడితే ఆలస్యం సగమవుద్ది అని ఎవరో చెప్పారు. నిజమేనా?

బఫర్_బాబాయ్
64 శాంపిళ్లు 96లో 0.67 మిల్లీసెకన్లే, లెక్క నిజమే. కానీ గడువు కూడా సగమయింది, ప్రతి ప్లగినూ రెట్టింపు శాంపిళ్లు మోయాలి. 64లో చిటపటలాడే పీసీ అక్కడ గోల పెడుతుంది, నువ్వు బఫర్ 128కి పెంచుతావు, మళ్లీ మొదటికే వస్తావు. 48లో ఉండు. వైఫై ఆపి చూశావా?

కొత్త_కనిగిరి
ఆపా బాబాయ్. లేటెన్సీమాన్‌లో ఎర్రగా ఉన్నది గ్రాఫిక్స్ డ్రైవర్. దాన్ని పాతదానికి మారుస్తున్నా ఇప్పుడు.